అమ్మకానికి లేని ఇల్లు

ఖరగ్‌పూర్ ఓల్డ్ సెటిల్‌మెంట్‌లోని రైల్వే క్వార్టర్‌లో పుట్టి పెరిగి, వర్క్‌షాపులో మూడు దశాబ్దాలు పనిచేసిన తెలుగు కార్మికుడు పదవీ విరమణకు ముందు వేసుకునే లెక్కలలో మొదటిది ఇంటిదే. చేతికందే గ్రాట్యుటీతో ఆ పాత ఇంటినే కొనుక్కుంటే బాగుండునన్న ఆశ సహజం. కానీ ఆ ఇల్లు అమ్మకానికి లేదు. నేలా గోడలూ రైల్వేవి. కార్మికునికి ఉన్నది ఉద్యోగంతో వచ్చి ఉద్యోగంతోనే పోయే నివాసపు అనుమతి మాత్రమే.

1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే ఖరగ్‌పూర్‌ను కూడలిగా ఎంచుకోవడంతో ఈ పట్టణం పెరిగింది. విశాఖ, గంజాం ప్రాంతాల నుంచి తెలుగువారు పెద్ద సంఖ్యలో వలస వచ్చి ఇక్కడి కొలిమిలోనూ, లేత్ యంత్రాల వద్దనూ జీవితాలు వెచ్చించారు. 1927 నాటి వర్క్‌షాపు సమ్మె కాలంలో ఈ రైల్వే కార్మికోద్యమానికి వి.వి. గిరి నాయకత్వం వహించారు. తండ్రికి ఒక క్వార్టరు, కొడుక్కి మరొకటి దక్కినా వాడ మాత్రం మారలేదు. తెలుగు మాట, పండుగ, పెళ్ళి సంబంధం అన్నీ ఆ వాడ మీదనే నిలిచాయి.

చట్టం మాత్రం జ్ఞాపకాలను లెక్కలోకి తీసుకోదు. పదవీ విరమణ తరువాత నిర్ణీత గడువు దాటి క్వార్టరులో ఉన్నవారిని 1971 నాటి ప్రభుత్వ ఆవరణల చట్టం కింద ఖాళీ చేయించవచ్చు. ఇల్లు అప్పగించేవరకు గ్రాట్యుటీని నిలిపివేసే నిబంధన కూడా ఉంది. ఏ ఇంటి కోసం ఆ సొమ్ము ఖర్చు చేయాలని తలచారో, ఆ ఇల్లు వదిలితేగాని సొమ్ము చేతికి రాదన్నమాట! ఇక స్వాధీనంలో ఉన్నవారి నుంచి చేతి కాగితం మీద ఎవరైనా ‘కొనుగోలు’ చేస్తే వారికి సంక్రమించే హక్కు ఏదీ ఉండదు. తనకు లేని హక్కును ఎవరూ మరొకరికి అమ్మలేరు. జీవితకాలపు పొదుపును అటువంటి కాగితానికి ధారపోయడం కంటే ఇందా, మలంచ వంటి చోట్ల పట్టా పరిశీలించి చిన్న ఇల్లు చూసుకోవడం మేలు.

పాత వరుస ఇళ్ళను వారసత్వ కట్టడాలుగా ప్రకటిస్తే చిక్కు తీరుతుందనే వాదన ఉంది. పశ్చిమ బెంగాల్‌లో ఇందుకోసం 2001లో హెరిటేజ్ కమిషన్ చట్టం వచ్చింది. అయితే వారసత్వ హోదా కూల్చివేతకూ ఇష్టారాజ్యపు మార్పులకూ అడ్డుపడగలదే తప్ప యాజమాన్యాన్ని మార్చదు. పైకప్పు మరమ్మతుకు డబ్బునూ సమకూర్చదు.

రైల్వే వాడను నిలుపుకొన్న ఊరు ఒకటి ఇంగ్లండులో ఉంది. స్విండన్‌లో గ్రేట్ వెస్టర్న్ రైల్వే తన కార్మికుల కోసం 1840లలో మొదలుపెట్టి కట్టిన దాదాపు 300 రాతి ఇళ్ళను ఆ పట్టణ పాలక మండలి 1966లో కొని బాగు చేయించింది. వర్క్‌షాపు 1986లో మూతపడినా ఆ వరుసల్లో కుటుంబాలు కాపురం ఉంటూనే వచ్చాయి. బాధ్యత వహించే యజమాని ఒకరు ముందుకు రావడంతోనే అది సాధ్యమయింది.

ఓల్డ్ సెటిల్‌మెంట్‌ను ఏకంగా అమ్మివేయమనడం సమంజసం కాదు. నేడు ఉద్యోగంలో ఉన్నవారికి క్వార్టర్లు కావాలి. పైగా, ఒకసారి అమ్మకం మొదలైతే స్థిరాస్తి వ్యాపారుల చేతికి వాడ పోవడానికి ఎంతోకాలం పట్టదు. కానీ రైల్వేకు అవసరం లేని భూములను వాణిజ్య అభివృద్ధికి లీజుకు ఇచ్చేందుకు 2005 సవరణ చట్టంతో ప్రత్యేక సంస్థే ఏర్పడింది. వ్యాపారికి దీర్ఘకాలపు లీజు ఇవ్వగలిగినప్పుడు, సిబ్బందికి అక్కర తీరిన పాత వరుసలలో కొన్నింటిని మరమ్మతు షరతులతో విశ్రాంత ఉద్యోగుల సహకార సంఘానికి ఎందుకు ఇవ్వకూడదు? పాత ఇంజన్లకు రంగులు వేసి కార్యాలయాల ముంగిట నిలబెట్టే రైల్వే, వాటిని బాగు చేసిన చేతులు నివసించిన ఇళ్ళ పట్ల అంతపాటి శ్రద్ధ చూపడం కష్టమేమీ కాదు. ఏ వరుసలు ఉంచుతారో, ఏవి కూలుస్తారో జాబితాను ముందుగా బహిరంగపరచి, ఆ వాడ వారి అభిప్రాయం తీసుకోవడం ఆగ్నేయ రైల్వే వెంటనే చేయవలసిన పని.