స్టార్ట్ అయితలేదని వెంటనే ఫార్మాట్ కొట్టియ్యకండి

పోస్ట్ కొంచెం పొడుగైతది, ఓపికతోని చదవండి.

ఈ మధ్య మన పిల్లలు ఎక్కువగా అడుగుతున్న మాట: "అన్నా, కొత్త ఓఎస్ వేసినం, సిస్టం స్టార్ట్ అయితలేదు, ఫార్మాట్ చేయించాల్నా?" నా అభిప్రాయం ముందే చెప్తున్న. ఫార్మాట్ అనేది చివరి పని, మొదటి పని కాదు. ఎందుకో మా అనుభవంతోనే చెప్తా.

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 వేద్దామంటే టీపీఎం 2.0 కావాలంటది, ఇంటెల్ అయితే ఎనిమిదో తరం ప్రాసెసర్ నుండే అధికారికంగా ఒప్పుకుంటది. మన దగ్గర ఉన్నయన్నీ సెకండ్ హ్యాండ్ సిస్టంలే. అందుకే చాలామంది లినక్స్ మింట్, ఉబుంటు వేస్తున్నరు. మంచి పనే. కేరళ ప్రభుత్వ బడుల్లో ఏండ్ల నుండి పిల్లలు లినక్స్ మీదనే నేర్చుకుంటున్నరు, మనకి రానిదేం కాదు.

మేము కూడా యైటింక్లైన్ కాలనీ క్వార్టర్ల నుండి ఒక పాత డెస్క్‌టాప్ తెచ్చుకున్నం. దాని డీ డ్రైవ్‌ల మా నాయనమ్మ పాడిన కోయ పాటల రికార్డింగులు వేసి పెట్టిన. ఆమె ఇప్పుడు లేదు. ఇంకో కాపీ తీసి పెట్టుకోకపోవుడు నాదే తప్పు. ఒక తమ్ముడు వచ్చి సెట్టింగులల్ల ఏదో మార్చి, డీ డ్రైవ్ ముట్టకుండ మింట్ వేసి పోయిండు. సాయంత్రం దాకా మంచిగ నడిచింది. రాత్రి బోర్డు దగ్గర స్విచ్ బంద్ చేసి పడుకున్నం. పొద్దున ఆన్ చేస్తే నల్ల స్క్రీన్ మీద "నో బూటబుల్ డివైస్". ఒక షాపుకి తీస్కపోతే రెండు నిమిషాలు చూసి, "హార్డ్ డిస్క్ పోయింది, కొత్తది వేయాలె, డేటా రాదు" అన్నరు. నాకు కాళ్లు చేతులు ఆడలే.

ఇంటికి తెచ్చి, మింట్ వేసిన అదే పెన్‌డ్రైవ్ పెట్టి ఆన్ చేసినం. ఇన్‌స్టాల్ నొక్కకుండనే పెన్‌డ్రైవ్ మీది నుండి మింట్ నడుస్తది. ఫైల్స్ తెరిస్తే పాటలన్నీ ఉన్నయి! ముందు అవన్నీ ఇంకో పెన్‌డ్రైవ్‌లకి కాపీ చేసినం. తర్వాతనే రోగం ఏందో వెతికినం. బయోస్‌ల తేదీ చూస్తే 2012 జనవరి 1 అని ఉంది. అప్పుడు తెలిసింది. మదర్‌బోర్డు మీద సీఆర్2032 అని బిళ్ల లాంటి సెల్ ఉంటది. అది అయిపోతే, కరెంటు పూర్తిగా తీసినప్పుడల్లా సెట్టింగులు మర్చిపోయి మొదటికొస్తయి. తమ్ముడు లెగసీ మోడ్ పెట్టి మింట్ వేసిండు, స్విచ్ బంద్ చేయంగనే అది మళ్లీ యూఈఎఫ్ఐకి పోయింది. కొత్త సెల్ వేసి, మోడ్ మార్చినం. అంతే, లేచింది.

బాయి పని తెలిసిన ఇండ్లల్ల పుట్టినోళ్లకి ఇది చెప్పుడు సులువు. షిఫ్టు జనం పనికి దిగే ముందు సర్దార్ పోయి జాగ చూసి వస్తడు, బాగుంటేనే దింపుతడు. కంప్యూటర్‌ల ఆ సర్దార్ బయోస్. అది అన్నీ చూసుకొని, బూట్‌లోడర్‌కి పని అప్పజెప్తది. బూట్‌లోడర్ ఓఎస్‌ని లేపుతది. పని ఎక్కడ ఆగిందో తెలుసుకోకుండ బాయే మూసేద్దాం అంటే ఎట్ల?

అందుకే ముందు ఏ మెట్టు దగ్గర ఆగిందో చూడండి.

ఫ్యానే తిరగకపోతే, లైటే రాకపోతే అది ఓఎస్ తప్పు కాదు. కరెంటు, కేబుల్, ర్యామ్ చూడండి.

"నో బూటబుల్ డివైస్" వస్తే పెన్‌డ్రైవ్‌లు తీసేసి చూడండి. బయోస్‌ల డిస్క్ పేరు కనబడుతుందా? కనబడితే ముందు బూట్ ఆర్డర్, మోడ్ చూసుకోవాలె. కనబడకపోతే కేబుల్ చూడండి. డిస్క్ టిక్ టిక్ అని చప్పుడు చేస్తే మాత్రం నడపకుండ ఆపేయండి, అది నిజంగానే పోయే డిస్క్.

"గ్రబ్ రెస్క్యూ" అని వస్తే బూట్‌లోడర్‌కి దాని ఫైల్స్ దొరుకుతలేవన్నట్టు. విండోస్‌ల ఉండి లినక్స్ పార్టిషన్ డిలీట్ చేస్తే తరచుగా గిదే వస్తది. మీ విండోస్ ఫైల్స్ అక్కడనే ఉంటయి.

లోగో వచ్చి స్క్రీన్ నల్లగైతే చాలాసార్లు డిస్‌ప్లే డ్రైవర్ పంచాయితీ. గ్రబ్ మెనూల 'ఈ' నొక్కి, లినక్స్ అనే లైన్ చివర నోమోడ్‌సెట్ అని ఇంగ్లీషుల కొట్టి ఎఫ్10 నొక్కండి.

విండోస్ ల్యాప్‌టాప్‌ల బయోస్ ముట్టే ముందు బిట్‌లాకర్ ఉందా చూసుకోండి. ఉంటే 48 అంకెల రికవరీ కీ ముందే రాసి పెట్టుకోండి. లేకపోతే మీ ఫైల్స్ మీకే తెరుచుకోవు.

కొందరు అంటరు, "ఇంత తలనొప్పి ఎందుకు, షాపుల ఇస్తే అయిపోతది గదా" అని. షాపుకి పోవుడు తప్పు కాదు, వాళ్లదీ పనే. కానీ ఏం పోయిందో అడగకుండ, డేటా కాపీ తీయకుండ ఫార్మాట్‌కి ఒప్పుకోవుడు తప్పు. మన సిస్టంలల్ల ఉన్నవి సినిమాలు కావు. క్యాస్ట్ సర్టిఫికెట్లు, స్కాలర్‌షిప్ కాగితాలు, ప్రాజెక్ట్ రిపోర్టులు, మన పెద్దోళ్ల గొంతులు. సర్టిఫికెట్ పోతే మీసేవకి పోయి మళ్లీ తెచ్చుకోవచ్చు. మా నాయనమ్మ పాట ఏ మీసేవల దొరుకుతది?

ఇంకో మాట. మాకు తిప్పలు వచ్చింది తమ్ముడికి పని రాక కాదు, ఆయన మార్చింది మేము రాసుకోక. అందుకే నేను అడిగేది రెండే. మన గ్రూప్ తరఫున ప్రతి ఊర్ల ఒక ఇన్‌స్టాల్ పెన్‌డ్రైవ్, ఒక నోట్‌బుక్ పెడదాం. బయోస్‌ల ఏది మార్చినా ముందు ఫోన్‌ల ఫొటో తీసి, నోట్‌బుక్‌ల రాద్దాం. రెండోది, ఎవరిదన్న బాగు చేసేటప్పుడు కీబోర్డు వాళ్ల చేతికే ఇయ్యండి, మీరు పక్కన కూసొని చెప్పండి. ముఖ్యంగా చెల్లెండ్లకి. "జరుగు, నేను చేస్తా" అంటే ఆ పని మనకే వస్తది, వాళ్లకి రాదు.

మీకు ఏ మెసేజ్ వచ్చింది, ఎట్ల బాగైంది, కింద రాయండి. రేపు ఇంకొకరికి పనికొస్తది.

జై ఆదివాసీ.