కంపెనీ వెళ్లిపోయింది, కారు ఉండిపోయింది

పోయిన నవంబరులో ఓ సాయంత్రం నాన్న ఫోన్ చేశారు. "ఒరే, మన కారుకి పదిహేనేళ్లు నిండిపోతున్నాయి. ఆర్‌సీ రెన్యువల్ చేయించాలా, అమ్మేయాలా? ఏటి చేద్దాం?"

నేనేమో ఆఫీసులో రిలీజ్ టెన్షన్‌లో ఉన్నా. "అమ్మేయండి నాన్నా. అసలు ఆ కంపెనీయే ఇక్కడ లేదు కదా" అనేసి పెట్టేశా.

పెట్టేశాక మనసు అదోలా అయిపోయింది. ఆయన ఆ మాట అడగడానికి ఎన్ని రోజులు ఆలోచించారో!

మాది రామతీర్థం. విజయనగరం నుంచి నెల్లిమర్ల మీదుగా వస్తే దూరం నుంచే బోడికొండ కనిపిస్తుంది. దాని కింద రామస్వామి గుడి. చుట్టుపక్కల ఊళ్లలో ఎవరు కొత్త బండి కొన్నా ముందు ఇక్కడికే తెస్తారు. నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు, బానెట్ మీద పసుపూ కుంకుమా, అద్దానికో దండ. 2010 నవంబరులో మా నీలం రంగు ఫోర్డ్ ఫిగో కూడా ఆ గుడి ముందే నిలబడింది. ఏపీ 35 నంబరు. నేనప్పుడు ఎనిమిదో తరగతి. మా ఇంటికి అదే మొదటి కారు. బడిపంతులు జీతంలో ఐదేళ్లు వాయిదాలు కట్టిన కారు.

అందుకే ఈ వారం కాలమ్ ఆ కారు గురించి, దాన్ని చేసిన కంపెనీ గురించి. మీ ఇంట్లో ఫోర్డ్ లేకపోయినా చదవండి. రేపు మీరు కొనబోయే కారుకీ ఇందులో సంగతి ఉంది.

పొగడ్తా, తిట్టూ

ఫోర్డ్ కథ 1903లో అమెరికాలోని డెట్రాయిట్‌లో మొదలైంది. 1908లో హెన్రీ ఫోర్డ్ 'మోడల్ టీ' తెచ్చాడు. అప్పటిదాకా కారంటే డబ్బున్నవాళ్ల షోకు. 1913లో ఆయన ఫ్యాక్టరీలో కదిలే అసెంబ్లీ లైన్ పెట్టాడు. మనిషి కారు దగ్గరికి వెళ్లడం కాదు, కారే మనిషి దగ్గరికి వస్తుంది. 12 గంటలకు పైగా పట్టే కారు బిగింపు పని గంటన్నరకు దిగిపోయింది. మొదట్లో 850 డాలర్లున్న మోడల్ టీ ధర తర్వాత 300 డాలర్ల లోపుకు వచ్చింది. 1927 దాకా కోటిన్నర కార్లు అమ్ముడయ్యాయి. 1914లో కార్మికులకు రోజుకు 5 డాలర్లు ఇస్తానన్నాడు. మామూలు మనిషి కారు కొనగలడన్న ఆలోచనకు ఊపు వచ్చింది అక్కడే.

అదే కంపెనీకి ఇంకో చరిత్ర కూడా ఉంది. 1970ల్లో 'పింటో' అని చిన్న కారు తెచ్చింది. వెనక నుంచి ఏదైనా గుద్దితే పెట్రోల్ ట్యాంక్ పగిలి మంటలు అంటుకునే ప్రమాదం ఉందని పెద్ద గొడవైంది. చివరికి 1978లో దాదాపు 15 లక్షల కార్లను వెనక్కి పిలవాల్సి వచ్చింది. ఇప్పటికీ ఇంజినీర్లకు నీతి పాఠం చెప్పాల్సి వస్తే పింటో పేరు వస్తుంది.

అంటే ఫోర్డ్ మీద పొగడ్తా, తిట్టూ రెండూ ఎప్పటినుంచో ఉన్నవే. మన దగ్గర కొత్తగా మొదలైనవి కావు.

మన దగ్గరికి రెండుసార్లు వచ్చింది

ఫోర్డ్ మొదటిసారి ఇండియాకు 1926లోనే వచ్చింది. 1950ల్లో మూటాముల్లె సర్దుకుంది. రెండోసారి 1995లో మహీంద్రాతో కలిసి వచ్చింది. 1996లో ఎస్కార్ట్, 1999లో ఐకాన్. 'జోష్ మెషీన్' అన్న ఐకాన్ ప్రకటనలు మీ అన్నయ్యలకో బాబాయిలకో గుర్తుండే ఉంటాయి. చెన్నై పక్కన మరైమలై నగర్‌లో ఫ్యాక్టరీ. ఆ తర్వాత ఎండీవర్, ఫ్యూజన్, ఫియెస్టా.

అసలు మలుపు మాత్రం 2010 మార్చిలో వచ్చిన ఫిగో. 3.49 లక్షల నుంచి ధర మొదలు. ఫోర్డ్ బండి మెయింటెనెన్స్ ఖరీదన్న పేరు అప్పటికే ఉండేది. దాన్ని పోగొట్టుకోడానికి, పాడైన చోట మొత్తం అసెంబ్లీ కాకుండా అందులోని చిన్న భాగం ఒక్కటే మార్చుకునేలా విడిభాగాలు అమ్మడం మొదలుపెట్టింది. మా నాన్న లాంటి మాస్టార్లు ధైర్యం చేసింది అందుకే. 2011 ఇండియన్ కార్ ఆఫ్ ద ఇయర్ అవార్డు కూడా ఫిగోకే వచ్చింది.

2013లో ఎకోస్పోర్ట్ వచ్చింది. వెనక డోర్ మీద స్పేర్ టైరు, నాలుగు మీటర్ల లోపు పొడవు. ఇవాళ రోడ్డు నిండా కనిపిస్తున్న చిన్న ఎస్‌యూవీల పిచ్చికి అదే పెద్ద ఊపు. చెన్నైలో తయారైన ఎకోస్పోర్టులు అమెరికాకి కూడా వెళ్లాయి. 2015లో గుజరాత్‌లోని సనంద్‌లో రెండో ఫ్యాక్టరీ తెరిచారు. రెండూ కలిపి ఏడాదికి 4 లక్షలకు పైగా కార్లు చేయగలవు. కానీ అన్ని కార్లు కొనేవాళ్లు ఏరి?

ఇద్దరు ఓనర్లు కలిస్తే

ఫోర్డ్ ఓనర్లు ఇద్దరు ఒకచోట కూర్చుంటే మాట మొదట స్టీరింగ్ దగ్గర మొదలవుతుంది. హైవే మీద వంద దాటినా బండి రోడ్డుకి అతుక్కుని పోతుందనీ, డోర్ వేస్తే వచ్చే చప్పుడే వేరనీ, డీజిల్ ఇంజిన్‌కి తిరుగు లేదనీ అంటారు. పది నిమిషాలు పోయాక గొంతు మారుతుంది. సర్వీస్ సెంటర్ ఎక్కడో ఉంటుందనీ, పార్ట్ కోసం ఎదురుచూడాలనీ, అమ్మబోతే రేటు రాదనీ మొదలుపెడతారు. మారుతి ఓనర్లకు ఈ రెండు రకాల మాటలూ అంతగా ఉండవు. వాళ్లు కారు గురించి అంతసేపు మాట్లాడరు కూడా.

ఇవి కబుర్లు. రికార్డుల్లో ఉన్నవి వేరు. 2013 సెప్టెంబరులో ఫోర్డ్ ఇండియా 1,66,021 పాత ఫిగో, క్లాసిక్ కార్లను తనిఖీకి పిలిచింది. పవర్ స్టీరింగ్ హోస్, వెనక ట్విస్ట్ బీమ్ చూడ్డానికి. మాదీ ఆ లెక్కలోకి వచ్చింది. నాన్న విశాఖ తీసుకెళ్లారు. చూసి, ఏ లోపమూ లేదని పంపేశారు.

ఆస్ట్రేలియాలో కథ ఇంకా పెద్దది. 'పవర్‌షిఫ్ట్' అనే డ్యూయల్ క్లచ్ ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఫియెస్టా, ఫోకస్, ఎకోస్పోర్ట్ కార్లలో పెట్టారు. బండి వణుకుతోందని కస్టమర్లు వస్తే, లోపం సంగతి తెలిసి కూడా, మీరు నడిపే తీరు వల్లేనని కొందరికి చెప్పారు. 2018లో అక్కడి ఫెడరల్ కోర్టు కోటి ఆస్ట్రేలియన్ డాలర్ల జరిమానా వేసింది. గేర్‌బాక్స్‌లో లోపం ఉండడం ఒక తప్పు. తప్పు నీదేనని కస్టమర్‌తో అనడం ఇంకో తప్పు. నేను కోడ్ రాసి బతికేవాణ్ని. నా అనుభవంలో జనం మొదటిదాన్ని క్షమిస్తారు, రెండోదాన్ని క్షమించరు.

2021 సెప్టెంబరు 9

ఆ రోజు ఫోర్డ్ ఇండియాలో కార్ల తయారీ ఆపేస్తున్నామని ప్రకటించింది. పదేళ్లలో నష్టం 200 కోట్ల డాలర్లు దాటింది. అప్పటి లెక్కలో దాదాపు 15 వేల కోట్ల రూపాయలు. మార్కెట్‌లో వాటా 2 శాతం కూడా లేదు. మహీంద్రాతో మళ్లీ కలిసి చేద్దామన్న ఒప్పందం 2020 చివరి రోజున రద్దయింది. దాదాపు 4,000 మంది ఉద్యోగాల మీద దెబ్బ పడింది. సనంద్ ఫ్యాక్టరీని 2023 జనవరిలో టాటా 725.7 కోట్లకు తీసుకుంది. అంతకు ముందు, 2017లో, షెవ్రోలే కార్లమ్మే జనరల్ మోటార్స్ కూడా మన దగ్గర అమ్మకాలు ఆపేసింది. అమెరికా పెద్దన్నలిద్దరూ నాలుగేళ్ల తేడాలో వెళ్లిపోయారన్నమాట.

ఇక్కడే నా గొంతులో ముల్లులా గుచ్చుకునే విషయం ఒకటుంది. బోల్టులు బిగించేవాళ్లకు సెలవిచ్చిన అదే ప్రకటనలో, ఫోర్డ్ తన సాఫ్ట్‌వేర్, ఇంజినీరింగ్, ఫైనాన్స్ టీమ్‌లను మాత్రం ఇక్కడే ఉంచుతానని చెప్పింది. అప్పటికి 11,000 మందికి పైగా. కారు మన దగ్గర చేయరు, దాని వెనకాల కోడ్ మాత్రం మనవాళ్లే రాస్తారు. నాలాంటివాడికి సంతోషించాలో, సిగ్గుపడాలో తెలీని వార్త అది. ఇంజినీరింగ్‌లో మా మెకానికల్ బ్యాచ్ వాళ్లు ఆ రోజు వాట్సాప్ గ్రూపులో ఒక్క మాట కూడా పెట్టలేదు.

పాత ఓనర్లకు సర్వీస్, విడిభాగాలు, వారంటీ ఇస్తూనే ఉంటామని కూడా కంపెనీ చెప్పింది. మంచిదే. కానీ కొత్త కార్లు అమ్మని చోట షోరూమ్ ఎన్నాళ్లు నడుస్తుంది? ఒక్కొక్క బోర్డూ దిగుతూ వచ్చింది. 2024లో చెన్నై ఫ్యాక్టరీని ఎగుమతుల కోసం మళ్లీ వాడతామని తమిళనాడు ప్రభుత్వానికి లేఖ ఇచ్చారు. 2025 అక్టోబరులో 3,250 కోట్లతో అక్కడ ఇంజిన్లు చేసేందుకు ఒప్పందం కూడా అయింది. అదీ మనం కొనే కార్ల కోసం కాదు.

నెల్లిమర్ల మెకానిక్ మాట

డిసెంబరులో ఇంటికెళ్లా. నాన్న అప్పటికే ఓ సెకండ్ హ్యాండ్ కార్ల వ్యాపారికి బండి చూపించారు. అతను చుట్టూ ఒక్కసారి తిరిగి, "ఫోర్డా..." అని దీర్ఘం తీసి, పాత ఇనుముకి కొంచెం ఎక్కువ, నా ఫోన్ ధరకి కొంచెం తక్కువ రేటు చెప్పాడట. అది చెబుతున్నప్పుడు నాన్న మొహం చూడలేకపోయా.

మర్నాడు ఇద్దరం నెల్లిమర్లలో మా మెకానిక్ దగ్గరికి వెళ్లాం. లక్షా ముప్పై వేల కిలోమీటర్లు తిరిగిన ఇంజిన్. ఆయన బానెట్ ఎత్తి, చెవి దగ్గర పెట్టి విని నవ్వాడు. "బాబూ, కంపెనీ ఎల్లిపోనాది గానీ బండి ఎల్లిపోలేదు కదా. ఇలగే ఇంకో ఐదేళ్లు తిరుగుద్ది. కాకపోతే పార్టు కావాలంటే నేను నాలుగు ఫోన్లు సెయ్యాల."

ఆ నాలుగు ఫోన్లే అసలు సంగతి. అవి చేసే మనిషి ఉంటే బండి నడుస్తుంది, లేకపోతే గుడారం కప్పుకుని పెరట్లో పడుంటుంది.

తిరిగి వస్తుంటే నాన్న హుద్‌హుద్ నాటి సంగతి ఎత్తారు. 2014 అక్టోబరు 12న తుపాను విశాఖను ఊడ్చేసింది. నేనప్పుడు అక్కడ ఇంటర్ హాస్టల్లో ఉన్నా. ఫోన్లు లేవు, కరెంటు లేదు. మూడో రోజు పొద్దున్న హాస్టల్ గేటు ముందు ఈ నీలం కారు ఆగింది. బానెట్ మీద వేపాకులు, అద్దం మీద బురద. పడిపోయిన చెట్లు తప్పించుకుంటూ, ఊళ్ల మీదుగా తిరిగి తిరిగి వచ్చారు. నన్ను చూసి ఒక్కటే అన్నారు: "ఏం తిన్నావురా?"

"ఏ కంపెనీ కారైనా వచ్చేదేలే" అన్నారు ఇప్పుడు. నిజమే. కానీ ఆ రోజు వచ్చింది ఇదే కదా.

అమ్మలేదు. విజయనగరం ఆర్టీవో ఆఫీసులో ఫిట్‌నెస్ చూపించి, 5,000 రూపాయల రెన్యువల్ ఫీజూ, గ్రీన్ ట్యాక్సూ కట్టాం. ఇంకో ఐదేళ్లు.

మీరు కొనేముందు

ఇది చదివి ఎవరూ సెంటిమెంట్‌తో పాత ఫోర్డ్ కొనేయకండి. తక్కువ ధరకు దొరుకుతున్నాయని నా ఫ్రెండ్సే అడుగుతున్నారు. కొనాలనుకుంటే ముందు మీకు దగ్గర్లో దాన్ని బాగుచేయగల మెకానిక్ ఉన్నాడా అని చూడండి, తర్వాతే కారు చూడండి. సర్వీస్ రికార్డు అడగండి. రీకాల్ పనులు పూర్తయ్యాయో లేదో ఛాసిస్ నంబరుతో కనుక్కోండి. పాత డ్యూయల్ క్లచ్ ఆటోమేటిక్ అయితే ఒకటికి పదిసార్లు నడిపి చూడండి. మళ్లీ అమ్మితే ఎంతొస్తుందన్న లెక్క సున్నా అనుకునే కొనండి.

కొత్త కారు కొనేవాళ్లకూ ఇదే ప్రశ్న. ఫీచర్లు, స్క్రీన్ సైజు, సన్‌రూఫ్ అన్నీ చూస్తాం. ఈ కంపెనీ పదేళ్ల తర్వాత మా జిల్లాలో ఉంటుందా అని ఎవరూ అడగం. సాఫ్ట్‌వేర్‌లో మేము ఫలానా తేదీ తర్వాత సపోర్ట్ ఉండదని ముందే రాసిపెడతాం. కార్ల బ్రోచర్లలో ఆ లైను ఉండదు. కారు కొన్నప్పుడు మనం ఇచ్చే డబ్బులో సగం ఆ రాబోయే పదేళ్ల మాట కోసమే.

ఇంకో చిన్న సంగతి. మా ఫిగో డీజిల్‌కి ఉన్నట్టే చాలా ఇంజిన్లకు టైమింగ్ బెల్ట్ ఉంటుంది. అది తెగితే ఇంజిన్ పోయినట్టే. మీ నాన్నగారి కారుకి అది ఎప్పుడు మార్చారో ఈ ఆదివారం ఫోన్ చేసి అడగండి. ఆయన దానికి జవాబు చెప్పి, ఆ తర్వాత ఇంకో గంట మాట్లాడతారు. పెట్టేయకండి.