టీమ్ లీడ్ చేసే అసలు సాయం
సాఫ్ట్‌వేర్ బృందాన్ని నడిపే టీమ్ లీడ్ సామర్థ్యాన్ని స్వయంగా రాసిన కోడ్‌తో కొలవడం పొరపాటు. ఒకరు రాసిన కోడ్‌ను ఉత్పత్తిలో కలపడానికి ముందే మరొకరు చదివి లోపాలు చూపే పద్ధతిని కోడ్ రివ్యూ అంటారు. లీడ్ పాటించే విలువలు అన్నిటికంటే స్పష్టంగా అక్కడే బయటపడతాయి. ‘ఇది తప్పు’ అని తేల్చి వదిలేసే వ్యాఖ్య కొత్త ఉద్యోగిని బెదరగొడితే, జాబితా ఖాళీగా వచ్చినప్పుడు ఈ ఫంక్షన్ ఏమి చేస్తుందని అడిగే వ్యాఖ్య ఆలోచింపజేస్తుంది. ప్రోగ్రామును సొంత అహంలో భాగంగా చూడక, సహచరుల పరిశీలనకు తెరిచి ఉంచే ‘అహంరహిత ప్రోగ్రామింగ్’ అనే భావనను కంప్యూటర్ శాస్త్రవేత్త జెరాల్డ్ వైన్‌బర్గ్ 1971 నాటి తన గ్రంథంలో వివరించాడు. దాన్ని ముందుగా ఆచరించవలసింది లీడే, ఎందుకంటే తన కోడ్‌లోని దోషాన్ని జూనియర్ ఎత్తిచూపినప్పుడు లీడ్ ఎలా స్పందిస్తారో చూసే మిగిలినవారు నోరు విప్పాలో వద్దో నిర్ణయించుకుంటారు. బృందం పెరిగేకొద్దీ సమన్వయ భారమూ పెరుగుతుంది: ఇద్దరిద్దరి మధ్య సాగే సంభాషణలు ఐదుగురి బృందంలో 10 అయితే పదిమంది బృందంలో 45 అవుతాయి. ఆలస్యమైన ప్రాజెక్టులో మనుషులను పెంచితే అది మరింత ఆలస్యమవుతుందని 1975లో కంప్యూటర్ శాస్త్రవేత్త ఫ్రెడరిక్ బ్రూక్స్ చెప్పడానికి ఈ లెక్క ఒక కారణం. దీన్ని యాజమాన్యానికి విడమరచి చెప్పి పని పరిధిని తగ్గించమని అడగడం కూడా లీడ్ బృందానికి చేసే సాయమే. అమెరికా క్లయింట్ల కోసం రాత్రిళ్లు మేలుకొనే హైదరాబాదు బృందాల్లో, సర్వర్ మొరాయిస్తే వెంటనే స్పందించవలసిన ఆన్‌కాల్ వంతుల పట్టికలో తన పేరునూ చేర్చుకొని, నిద్రలేని ఉద్యోగిని మరునాటి సమావేశం నుంచి తప్పించే లీడ్‌ల శ్రద్ధకు వార్షిక మదింపులో చోటు కల్పించడం సంస్థల బాధ్యత.