రెక్కలో ముందు నడచు అంచు

రోహిణీ కార్తెలో రోళ్ళు పగులునన్న మాట మన పెద్దలు ఊరక అనలేదు. గత సంవత్సరము ఆ కార్తెలోనే మా నడిమి గదిలోని ఫ్యాను కాయిలు కాలిపోగా, బజారులోని యొక దుకాణమునకు పంపి, వైండింగు చేయించి, తెచ్చి బిగించితిమి. రెక్కలు వేగముగనే తిరుగుచుండెను. రెగ్యులేటరు అయిదవ అంకెపై నుండెను. చప్పుడు లేదు, ఊగులాట లేదు. అయినను దాని క్రింద మంచము వేసికొని పరుండిన మా తల్లిగారు, ఎనుబది యేండ్లు దాటిన వృద్ధురాలు, రాత్రియెల్ల చెమటతో తడిసి, తాటాకు విసనకఱ్ఱతో తమకు తామే విసరుకొనుచు, "తిరగటమైతే తిరుగుతోంది గాని గాలి రావడం లేదు నాయనా" అని చెప్పుచుండిరి. ఆ మాటను వార్ధక్యమునకును ఎండల తీవ్రతకును ఆరోపించి నేను వారము దినములు గడపితిని. ఆమె చెప్పినది అక్షరాల సత్యము. ఫ్యాను వెనుకకు తిరుగుచుండెను.

ఫ్యాను గదిని చల్లపఱచు యంత్రము కాదు. గదిలోని వేడిని అది ఒక్క డిగ్రీయైనను తగ్గింపజాలదు. పాతరకపు ఫ్యానైనచో సుమారు 75 వాట్ల విద్యుత్తును గ్రహించి, ఆ శక్తినంతయు తుదకు వేడిగా మార్చి ఆ గదిలోనే విడుచును. దాని యుపకారమంతయు మన చర్మముపైననే జరుగును: ఒంటిని అంటిపెట్టుకొనియున్న వెచ్చని తడిగాలి పొరను త్రోసివైచి, చెమటను ఆవిరిచేసి, ఆ యావిరితోపాటు దేహతాపమును కొనిపోవుటయే అది చేయు పని. కావున గాలి ఒంటికి తగిలిననే ఫలము. తగులనిచో రెక్కలెంత వేగముగ తిరిగినను వ్యర్థము. గాలి క్రిందికి దిగవలెనన్నచో, వాలుగా నమర్చిన రెక్కకు గల రెండంచులలో ఎత్తుగా నున్న అంచు ముందు నడవవలెను. అప్పుడు రెక్క అడుగుభాగము గాలిని నేలవైపు నెట్టును. పల్లపు అంచు ముందు నడచినచో గాలి పైకి లాగబడి, కప్పును ఒరసికొని ప్రాకి, గోడలవెంట దిగును. గది నడుమ నున్న మంచమునకు దక్కునది స్వల్పము. పగలెల్ల ఎండకు కాగి, చీకటి పడిన తరువాతను గంటల తరబడి వేడిని విడుచుచుండు స్లాబు క్రింద పరుండువారికి, ఆ స్వల్పమైన గాలియు స్లాబును రాచుకొనియే వచ్చును గదా!

మన దేశమున అమ్ముడగు ఫ్యానులు సాధారణముగా, క్రింద నిలిచి తలయెత్తి చూచువానికి, గడియారపు ముల్లునకు ఎదురుగా, అనగా అపసవ్యముగా తిరుగును. అపసవ్యమను మాట చెవిని పడగానే నొచ్చుకొను పెద్దలను నేనెఱుగుదును. పూజగదిలో అట్టి తిరుగుడేలయని అడిగినవారును కలరు. వారికి నేను సవినయముగ విన్నవించునదేమన, ప్రదక్షిణము చేయు భక్తుడు గర్భాలయమును తన కుడివైపున నుంచుకొని నడచునట్లే, ఫ్యాను రెక్కయు నడిమి కడ్డీని తన కుడివైపుననే యుంచుకొని నడచుచున్నది. మిద్దె మీదనుండి స్లాబును చొచ్చి చూడగలిగినచో, క్రిందివానికి అపసవ్యమైన ఆ భ్రమణమే సవ్యముగా కనబడును. సవ్యాపసవ్యములు చూచువాని తావును బట్టి మారును గాని, ఏ యంచు ముందు నడచుచున్నదో అది మారదు. కనుక చూడవలసినది గడియారమును గాదు, రెక్కను. నిమిషమునకు 350 చుట్లు తిరుగు వేళ కంటికి ఏమియు అందదు. స్విచ్చి వేసిన తొలి క్షణమునందో, ఆపినపిమ్మట వేగము సన్నగిలు వేళనో చూడవలెను.

చలికాలమున ఫ్యానును వెనుకకు త్రిప్పవలెనను సలహాయొకటి ఈ నడుమ మన యిండ్లలోను వినవచ్చుచున్నది. అది అమెరికా వంటి దేశములనుండి వచ్చినది. అచ్చటి ఫ్యానులకు మోటారు ప్రక్కనే దిక్కు మార్చు చిన్న మీట యుండును. గదులను హీటర్లతో వెచ్చచేసికొని, తలుపులు బిగించుకొనియుండు వారికి, కప్పు క్రింద చేరిన వెచ్చదనమును ఒంటికి గాలి తగులకుండ దింపుకొనుట అవసరము. హీటరెఱుగని మన యిండ్లలో ఆ వెచ్చదనమెక్కడిది? పుష్యమాసపు చలికి మనము ఫ్యానును ఆపివేసిన చాలును. రిమోటుతో నడచు కొత్త ఫ్యానులలో కొన్నింటికి ఈ వెనుక తిరుగుడును చేర్చినారు. పిల్లల చేతబడి ఆ మీట మారినదేమో, వేసవి ప్రవేశింపగనే చూచుకొనుట మేలు.

దిక్కు సరియైనంతనే సర్వము సరియగునని నేననను. వేడి 40 డిగ్రీలు దాటినపుడు ఫ్యాను గాలి దేహమును చల్లపఱచుటకు మారుగ మఱింత వేడెక్కించునని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరించుచున్నది. రెంటచింతలలోనో రామగుండములోనో వడగాడ్పు వీచు మధ్యాహ్నమున వృద్ధులకు కావలసినది తడిగుడ్డయు, త్రాగునీరును, నీడపట్టును. కాని ప్రాణము కుదుటబడవలసిన రాత్రులయందు, గాలి దిగని ఫ్యాను క్రింద వారిని పరుండబెట్టుట మన యపరాధమే.

ఈ దోషము పుట్టుచోటు వైండింగు బల్ల. ఫేజు, న్యూట్రలు తీగలు తారుమారైనంతమాత్రమున ఫ్యాను దిక్కు మారదు. లోపలి రెండు చుట్లలో ఒకదాని కొసలు తారుమారైనపుడే రెక్కలు ఎదురు నడచును. మా యింట దానిని సరిచేయుటకు మఱియొక మిస్త్రీకి పట్టినది పది నిమిషములు. మరమ్మతు చేసినవాడు ఫ్యానును బిగించి, తిరుగుచున్నది గదా యని వెడలిపోక, దాని క్రింద నిలిచి అఱచేయి చాచి గాలిని పరీక్షింపవలెను. ఇంటివారును కూలి చేతిలో పెట్టుటకు ముందు ఆ పరీక్షను కోరవలెను. తయారుచేయువారిని నేను కోరునది ఇంకను చిన్నది: ఆగియున్నపుడు మంచము మీదనుండి సైతము కనబడునంత పెద్దదిగా, ఫ్యాను అడుగున ఒక బాణపు గుర్తు అచ్చువేయుడు. అప్పుడు మా తల్లిగారి వంటివారు, తమ మాటను నమ్మని కొడుకునకు, వ్రేలెత్తి దానిని చూపగలరు.