జనవరి పిల్లల ఆట

2024 మే నెలలో ఒక సాయంత్రం, డాలస్ శివార్లలో ఒక సాకర్ మైదానం అంచున మడత బల్ల ముందు కూర్చుని ఉన్నాను. వాలంటీర్లు కావాలని క్లబ్బువాళ్ళు అడిగితే చెయ్యెత్తాను. నా పని చొక్కాలు పంచడం. పిల్లాడి పేరు లిస్టులో వెతికి టిక్కు పెట్టి, వీపు మీద నంబరున్న ఎర్ర చొక్కా చేతికివ్వాలి. ముందొచ్చినవాడికి 1, చివరొచ్చినవాడికి 90. 2012లో పుట్టిన మగపిల్లల 'ఎలీట్' జట్టుకి ట్రైఔట్లు అవి. మావాడికి 41 వచ్చింది.

ఈ నంబర్లెందుకని ఒక తల్లి అడిగింది. నా పక్కనున్న మేనేజరు ఓపిగ్గా చెప్పాడు: పేర్లు తెలిస్తే కోచ్‌లకి వాళ్ళకే తెలియకుండా పక్షపాతం వస్తుంది, నంబరైతే ఆట ఒక్కటే కనపడుతుంది, అందరికీ ఒకటే న్యాయం. ఆవిడ తలూపింది. నేనూ ఊపాను. మాట బాగానే అనిపించింది.

అరగంట తర్వాత అదే మేనేజరు, అదే బల్ల దగ్గర, కోచ్‌తో అంటుంటే విన్నాను. పద్దెనిమిది స్థానాల్లో పద్నాలుగు అప్పటికే ఖాయం. పాత జట్టువాళ్ళు పన్నెండు మంది, వేరే క్లబ్బుల నుంచి ముందే మాట్లాడి పెట్టుకున్నవాళ్ళు ఇద్దరు. వాళ్ళూ చొక్కాలు తొడుక్కుని మైదానంలోనే ఉన్నారు. అంటే మిగిలిన డెబ్భై ఆరు మంది, తలకి నలభై డాలర్లు కట్టి, నాలుగు స్థానాల కోసం వచ్చారు. ఆ సంగతి వాళ్ళకెవరూ చెప్పలేదు. చొక్కాలు పంచుతున్న నేనూ చెప్పలేదు.

మావాడు సెలెక్టవలేదు. అందుకే ఇదంతా రాస్తున్నాడని మీకనిపిస్తే, కొంతవరకు నిజమే. ఆ ముక్క ముందే ఒప్పేసుకుంటే ఇద్దరికీ మంచిది. కానీ రాయడానికి రెండేళ్ళు ఆగాను. కోపం తగ్గాక దొరికింది దొరికినట్టు చదివాను. చదివినకొద్దీ తగ్గిన కోపం మళ్ళీ వచ్చింది, ఈసారి కాస్త నిలకడగా.

ముందు నా వృత్తికి తెలిసిన లెక్క ఒకటి. తొంభై మంది పిల్లలు, తొంభై నిమిషాలు, క్లిప్‌బోర్డులు పట్టుకున్న కోచ్‌లు నలుగురు. ఒక్కో కోచ్ ఒక్క క్షణం కూడా కళ్ళు తిప్పకుండా చూసినా, ఒక్కో పిల్లాడి వాటాకి నాలుగు నిమిషాలు. అందులో బంతి వాడి కాళ్ళ దగ్గరున్నది ఎంతసేపు? మా ఆఫీసులో కొత్తగా కాలేజీ దాటిన కుర్రాణ్ణి తీసుకోవడానికి నాలుగు రౌండ్ల ఇంటర్వ్యూలు పెడతాం, అయినా సగంసార్లు తప్పు మనిషినే తెచ్చుకుంటాం. నాలుగు నిమిషాల్లో కంటికి ఆనేదేమిటి? పొడుగు. వేగం. ఎదుటివాణ్ణి భుజంతో తోసెయ్యగల బలం. పన్నెండేళ్ళ పిల్లల్లో ఈ మూడూ ఎక్కణ్ణించి వస్తాయో ఇంట్లో ఇద్దరు పిల్లలున్న ఏ అమ్మనడిగినా చెబుతుంది. పెద్దవాడికి ఉంటాయి, చిన్నవాడికి ఉండవు.

మావాడు నవంబరులో పుట్టాడు. కటాఫ్ జనవరి 1. అదే ఏడాది జనవరిలో పుట్టినవాడు వీడికంటే పది నెలలు పెద్ద. పదకొండున్నరేళ్ళవాడికి పది నెలలంటే జీవితంలో పద్నాలుగో వంతు. పైగా యుక్తవయసు అందరికీ ఒకేసారి రాదు. కేలెండరు ప్రకారం ఒకే వయసున్న పదమూడేళ్ళ పిల్లల మధ్య ఒంటి ఎదుగుదలలో నాలుగైదేళ్ళ తేడా ఉండొచ్చు. మైదానంలో ఒకడికి నూనూగు మీసాలు, వాణ్ణి కాచుకోవాల్సినవాడికి ఇంకా పాలబుగ్గలు.

ఇదేమీ నేను కనిపెట్టింది కాదు. రోజర్ బార్న్స్‌లీ అనే కెనడా మనస్తత్వ శాస్త్రవేత్త, ఐస్ హాకీ ఆటగాళ్ళలో ఏడాది మొదటి నెలల్లో పుట్టినవాళ్ళు అసహజంగా ఎక్కువున్నారని 1985లోనే పరిశోధన పత్రం అచ్చువేశాడు. మ్యాచ్‌కి వెళ్ళినప్పుడు జట్టు వివరాల కాగితంలో పుట్టినరోజులు చూసి ఆ సంగతి ముందు పట్టింది ఆయన భార్య. 2008లో మాల్కమ్ గ్లాడ్‌వెల్ దాన్ని పుస్తకంలో పెట్టాక ఎయిర్‌పోర్టు పుస్తకాల షాపుకి వెళ్ళే ప్రతివాడికీ తెలిసింది. నాకు వీటన్నిటికంటే నచ్చింది బెల్జియం ఉదాహరణ. అక్కడ యూత్ ఫుట్‌బాల్ కటాఫ్ ఆగస్టు 1గా ఉండేది. 1997లో జనవరి 1కి మార్చారు. వెర్నర్ హెల్సెన్, ఆయన సహచరులు మార్పుకి ముందూ తర్వాతా ఎంపికైన పిల్లల పుట్టినరోజులు లెక్కగట్టారు. అంతకుముందు ఆగస్టు తర్వాతి నెలల్లో ఎక్కువగా పుట్టిన 'ప్రతిభ', తర్వాత జనవరి, ఫిబ్రవరి నెలల్లో పుట్టడం మొదలైంది. దేశం అదే, కోచ్‌లు వాళ్ళే. ఆఫీసులో ఒక తేదీ మారిందంతే.

మరి కోచ్‌లకి ఈ విషయం తెలీదా అంటే, తెలుసు. కోచింగ్ లైసెన్సు చదువుల్లోనే చెబుతారు. తెలిసినా చూపు మారదు. డచ్ అకాడమీ కుర్రాళ్ళ ఆట మీద 2017లో ఒక పరిశోధన వచ్చింది. స్కౌట్లని మూడు గుంపులు చేసి ఒకే రకం మ్యాచ్‌లు చూపించి, ఆటగాళ్ళకి ర్యాంకులివ్వమన్నారు. పిల్లల వయసు తెలియని గుంపు పెద్దవాళ్ళనే పైన పెట్టింది. పుట్టినతేదీల కాగితం చేతిలో పెట్టినా రెండో గుంపు అదే చేసింది. మూడో గుంపుకి చూపించిన మ్యాచ్‌లో మాత్రం పిల్లలు వయసు వరసలో నంబర్లున్న చొక్కాలు వేసుకున్నారు. ఎవరు పెద్దో ఎవరు చిన్నో చొక్కా చూడగానే తెలిసిపోతుంది. ఆ గుంపులో పక్షపాతం కనపడకుండా పోయింది.

ఇది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ సాయంత్రం చొక్కాలు పంచింది నేను. ఎవరు ముందొస్తే వాళ్ళకిచ్చాను. లిస్టులో ప్రతి పేరు పక్కనా పుట్టినతేదీ ఉంది. ఒక్క బటన్ నొక్కి ఆ లిస్టుని తేదీల వరసలో పెడితే చాలు, పైసా ఖర్చు లేదు. న్యాయం కోసమే నంబర్లని చెప్పుకునే క్లబ్బు, ఆ నంబర్లని న్యాయానికి వాడుకునే దారి ఉండి కూడా వాడుకోలేదు. తర్వాత నేను ఈమెయిల్ రాస్తే 'ఆసక్తికరంగా ఉంది' అని జవాబొచ్చింది. మరుసటేడు కూడా ముందొచ్చినవాడికే 1.

ఎందుకు చెయ్యరు? ట్రైఔట్ ఉన్నది ఇరవై ఏళ్ళకి ఎవడు బాగా ఆడతాడో కనిపెట్టడానికి కాదు కాబట్టి. వచ్చే అక్టోబరులో పక్క ఊరి క్లబ్బు మీద గెలవడానికి. గెలిస్తే ర్యాంకింగ్, ర్యాంకింగ్ చూసి ఇంకా తల్లిదండ్రులు, వాళ్ళతో ఇంకా ఫీజులు. అమెరికాలో మేజర్ లీగ్ జట్ల సొంత అకాడమీలు చాలావరకు పిల్లల దగ్గర డబ్బు తీసుకోవు. మిగతా 'ఎలీట్' క్లబ్బులు బతికేది మా చెక్కుల మీద. ఒక కుర్రాణ్ణి పదేళ్ళు తీర్చిదిద్దితే, రేపు వాడు యూరప్ వెళ్ళినప్పుడు చిన్నప్పటి క్లబ్బుకి కొంత వాటా రావాలని ఫిఫా నిబంధన ఉంది. ఇక్కడ దాన్ని ఏళ్ళ తరబడి అమలు కానివ్వలేదు. 2014లో డిఆండ్రే యెడ్లిన్ టోటెన్‌హామ్‌కి వెళ్ళినప్పుడు సియాటిల్ దగ్గరి క్రాస్‌ఫైర్ క్లబ్బు తన వాటా అడిగి, ఏళ్ళపాటు ఫిఫా చుట్టూ తిరగాల్సి వచ్చింది. పిల్లాడు ఎదిగితే రూపాయి రాని చోట, పిల్లాడు ఎదిగేదాకా ఆగేదెవరు? 2007లో డెవలప్‌మెంట్ అకాడమీ అన్నారు, 2020లో కోవిడ్ రాగానే మూసేసి ఎం.ఎల్.ఎస్. నెక్స్ట్ అన్నారు. జెర్సీ మీద బ్యాడ్జీ మారింది, మడత బల్ల మారలేదు.

ఇప్పుడు మనవాళ్ళ సంగతి. డాలస్‌లో తెలుగు నాన్నల వాట్సాప్ గ్రూపొకటుంది. అందులో నేనీ గోడు వెళ్ళబోసుకుంటే ఒకాయన రాశాడు: "బ్రో, ట్రైఔట్ కూడా ఎంసెట్ లాంటిదే. దమ్మున్నోడికి సీటొస్తది. మనం కొట్టుకుని రాలేదా?" దానికి ఇరవై మూడు చప్పట్ల బొమ్మలు.

మనం ర్యాంకులతో పెరిగినవాళ్ళం. ఏదో ఒక ర్యాంకు వల్లే ఈ దేశం దాకా వచ్చాం కాబట్టి, ర్యాంకు తప్పైతే మనం కూడా తప్పేనేమోనని లోలోపల భయం. అందుకే ఎవరు ఏ పరీక్ష పెట్టినా దాని తరఫున ముందు వకాల్తా పుచ్చుకునేది మనమే. నేను ఎంసెట్‌ని వెనకేసుకు రాను, ఏ కోచింగ్ ఫ్యాక్టరీలో నలిగి ఆ ర్యాంకు తెచ్చుకున్నానో నాకు తెలుసు. కానీ ఎంసెట్‌కి ఒక కీ ఉండేది. ప్రశ్నపత్రం అందరికీ ఒకటే. ఎన్ని సీట్లున్నాయో ముందే తెలుసు. నాలుగో ప్రశ్న నీ కంటే పది నెలలు చిన్నవాణ్ణి భుజంతో తొయ్యదు. ట్రైఔట్‌లో ఇవేవీ లేవు. ఏ మార్కు ఎందుకొచ్చిందో అడిగితే 'ఈ దశలో మా జట్టుకి సరిపోడు' అన్న ఒక్క వాక్యం ఈమెయిల్లో వస్తుంది. మన హకీంపేట స్పోర్ట్స్ స్కూల్లో నాలుగో తరగతికి పిల్లల్ని తీసుకునే పరీక్షల్లో ఎత్తు, బరువు కూడా ఉంటాయి. అదీ నాకు నచ్చదు. కానీ అక్కడ కనీసం ఎత్తు కొలుస్తున్నాం అని చెప్పే కొలుస్తారు. ఇక్కడ ఎత్తునే కొలిచి, దాన్ని ఆటలో తెలివి అని పిలుస్తారు.

ఇంకో ఓదార్పు ఉంది, అది నాకు మరీ చిరాకు. "హ్యారీ కేన్‌ని ఆర్సెనల్ ఎనిమిదేళ్ళప్పుడు వదిలేసింది, ఏమైంది? గ్రీజ్‌మన్‌ని పొట్టివాడని ఫ్రాన్స్‌లో ఎవరూ తీసుకోలేదు, స్పెయిన్ వెళ్ళి ప్రపంచకప్ గెలవలేదా?" నిజమే. కేన్ జూలై చివర్లో పుట్టాడు, సెప్టెంబరు కటాఫ్ ఉన్న ఇంగ్లండ్‌లో. కానీ ఈ కథలు ట్రైఔట్ తప్పని చెప్పే సాక్ష్యాలు. వాటిని తెచ్చి ట్రైఔట్‌కి సర్టిఫికెట్ ఇస్తున్నారు. గ్రీజ్‌మన్‌తోపాటు వెనక్కి పంపినవాళ్ళలో స్పెయిన్ స్కౌట్ కంటపడనివాళ్ళు ఏమయ్యారో మనకి పేర్లుండవు. మిగిలినవాణ్ణి చూపించి అందరూ మిగిలినట్టే లెక్క చెబితే, మా ఆఫీసులో జూనియర్ కూడా పట్టుకుంటాడు.

ఎలీట్ అన్నాక ఎవర్నో ఒకర్ని వదలక తప్పదు కదా అనేవాళ్ళతో నాకు తగువు లేదు. వదలండి. నలభై డాలర్లు తీసుకునే ముందు ఖాళీలెన్నో చెప్పండి. చొక్కాలు వయసు వరసలో ఇవ్వండి. ఒక సాయంత్రం కాకుండా నెల రోజుల్లో నాలుగుసార్లు చూడండి. ఇంగ్లండ్ అకాడమీల్లో ఎదుగుదలని బట్టి పిల్లల్ని గుంపులు చేసి ఆడించే పద్ధతి కూడా ప్రయత్నించారు. చిన్న ఒళ్ళున్నవాడికి బంతి దొరుకుతుంది, పెద్ద ఒళ్ళున్నవాడు బలం పనిచెయ్యక బుర్ర వాడతాడు. (దానికి వాడే ఖామిస్-రోష్ సూత్రం పుట్టింది అమెరికన్ తెల్లపిల్లల కొలతల నుంచి. మన పిల్లలకి అది ఎంత నప్పుతుందో వేరే తగువు, అదింకోసారి.)

ఎంపిక ఇంకోలా కూడా ఉండొచ్చని చెప్పడానికి నాకు యూరప్ అక్కర్లేదు. సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం హైదరాబాద్ దాకా ప్రాక్టీసుకి రాలేనంటే, సైకిల్ అద్దెకి కోచ్ రహీమ్ డబ్బులిచ్చారు. బలరామే చెప్పుకునేవారు ఈ కథ. ఆ కుర్రాడు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచిన జట్టులో ఆడాడు, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం గెలిచిన జట్టులో ఆడాడు. ఎంపిక చేసేవాడు జేబులోంచి తీసి ఇచ్చిన రోజులవి. ఇక్కడ తలుపు దగ్గరే నలభై డాలర్లు తీసుకుంటారు, తీసుకున్నవాళ్ళలో నేనొకణ్ణి.

ఇప్పుడు ఇదంతా రాయడానికి ఇంకో కారణం ఉంది. 2026-27 సీజన్ నుంచి ఇక్కడ చాలా లీగుల్లో కటాఫ్ జనవరి 1 నుంచి మళ్ళీ ఆగస్టు 1కి పోతోంది. స్కూలు తరగతులతో కలవాలని కారణం చెప్పారు. పదేళ్ళ కిందట ఆగస్టు నుంచి జనవరికి మార్చిందీ వీళ్ళే. మా క్లబ్బు ఆడే లీగు కూడా మారుతోంది. ఒక్క దెబ్బతో నవంబరులో పుట్టిన మావాడు తన గుంపులో చివరివాడల్లా పెద్దవాళ్ళలో ఒకడైపోయాడు. పోయిన నెల కోచ్ నా దగ్గరికొచ్చి, మీవాడు ఈమధ్య బాగా పుంజుకున్నాడు, మే నెల ట్రైఔట్‌కి తప్పకుండా రండి అన్నాడు. సిగ్గు విడిచి చెబుతున్నా, ఒక్క క్షణం సంతోషమేసింది. ఇంటికొచ్చి చెబితే మావాడు అడిగాడు: "నాన్నా, నేను బాగా ఆడుతున్నానా, లేక కటాఫ్ మారిందనా?" పదమూడేళ్ళవాడు.

వాడితోపాటు రోజూ కారులో ప్రాక్టీసుకొచ్చే స్నేహితుడొకడున్నాడు. 2012 జూన్‌లో పుట్టాడు. ఇన్నాళ్ళూ గుంపు మధ్యలో ఉండేవాడు, రెండేళ్ళ కిందట ఆ నాలుగు స్థానాల్లో ఒకటి వాడికొచ్చింది. కొత్త లెక్కలో వాడు పై గుంపుకి పోయి, అందులో ఆఖరి ఇద్దరు ముగ్గురిలో ఒకడవుతాడు. మొన్న ఆదివారం వాళ్ళ నాన్న ఫోన్ చేశాడు.

"అన్నా, కోచ్ ఇవాళ మెసేజ్ పెట్టాడు. మావాడు ఈ సంవత్సరం కొంచెం వెనకబడ్డాడంట. ప్రైవేట్ ట్రైనింగ్ పెట్టించమంటున్నాడు. గంటకి తొంభై డాలర్లు. పెట్టించాలంటావా?"

వద్దన్నాను. ముందు పై గుంపులో ఎన్ని ఖాళీలున్నాయో రాతపూర్వకంగా అడగమన్నాను. ఇద్దరం కలిసే ఈమెయిల్ రాశాం, చొక్కాల సంగతి కూడా కలిపి. పంపి పదకొండు రోజులైంది. జవాబు రాలేదు. వాలంటీర్లు కావాలని మాత్రం నిన్న మెసేజ్ వచ్చింది. మళ్ళీ చెయ్యెత్తాను. చొక్కాల బల్ల దగ్గరే కూర్చుంటానని రాశాను.