విపణి వృద్ధియే ఆరోగ్యమా?

మన దేశపు ఔషధ పరిశ్రమ దినదినాభివృద్ధి నొందుచున్నదనియు, 2030 నాటికి దాని విలువ 13,000 కోట్ల డాలర్లకు చేరగలదనియు, ఆ వృద్ధియే ప్రజారోగ్యమునకు పూచీ యనియు వాణిజ్య పత్రికలును, పారిశ్రామికులును, వారి మాట విని పాలకులును ముక్తకంఠముతో చెప్పుచున్నారు. ఈ వాదములో సత్యాంశము లేదని నేననను. 1970 నాటి పేటెంట్ల చట్టము మందుపై గాక దాని తయారీ విధానముపై మాత్రమే హక్కు నిచ్చుటచేతను, హైదరాబాదులోని ఐ.డి.పి.ఎల్. ఔషధ కర్మాగారమున పలువురు రసాయనజ్ఞులు పని నేర్చుటచేతను, మన మందులు చౌకయై దేశదేశముల రోగులకు అందినవి. కాని విపణి పెరుగుటయు, రోగము తరుగుటయు ఒక్కటే యను సిద్ధాంతమును కోనసీమవాసి యెవ్వడును అంగీకరింపరాదు; అతనికి బోదకాలు తెలియును.

గౌతమీ వసిష్ఠల నడుమ అమలాపురము, రాజోలు, కొత్తపేట ప్రాంతములకు పంటకాలువ ఎంత భాగ్యమిచ్చెనో, పారక నిలిచిన మురుగు అంత కష్టమును తెచ్చినది. ఆ మురుగులో పెరుగు క్యూలెక్స్ దోమయే బోదకాలునకు మూలమైన ఫైలేరియా క్రిములను మోయును. ఆ క్రిములు రాత్రివేళనే రక్తములో విరివిగా కానవచ్చును గనుక, ఆరోగ్య సిబ్బంది జనులు పండుకొను జామున ఇంటింటికి పోయి, వ్రేలికొన నుండి నెత్తురుచుక్క తీసి గాజుపలకపై పూయుదురు. ఈ రోగమునకు వాడు డైఇథైల్ కార్బమజైన్‌ను 1940ల దశకమున అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో వెలికితెచ్చిన బృందమునకు నాయకుడు, వసిష్ఠకు ఆవల భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు.

మన గోదావరి బిడ్డ ఇచ్చిన ఆ మందును 2004 నుండి ప్రభుత్వము ఊరూర ఉచితముగా పంచుచు, కార్యకర్త కళ్ళెదుటనే మ్రింగింపవలెనని నియమము పెట్టినది. ఈ కార్యము నెరవేరిన నాడు ఆ మందుకు గిరాకియే ఉండదు. విపణి లెక్కలో శూన్యముగా తేలునది గ్రామము లెక్కలో ఘనవిజయము. ఇక కాలు వాచియున్నవానికి ముఖ్యముగా కావలసినవి సబ్బు, శుభ్రమైన నీరు, వ్రేళ్ళ సందులు కడిగి మెత్తని గుడ్డతో తడి యొత్తు ఓపిక. ఇవి ఏ విపణి అంచనాలోను చేరవు.

బోదకాలు మాట సరే, మధుమేహమునకు, రక్తపోటునకు నిత్యము మాత్రలు కావలెను గదా, వానికి విపణియే శరణ్యము గదా యని ప్రతివాదులందురు. వారి అంచనాలకు ఆధారములలో ఒకటి ఆ రోగుల సంఖ్య పెరుగుటయే. ప్రజల అస్వస్థతను అభ్యుదయముగా గణించుట ఏ ధర్మము? పైగా మందుల అంగడి తక్కిన అంగళ్ళ వంటిది కాదు. ఇచ్చట వ్రాయువాడు వైద్యుడు, చెల్లించువాడు రోగి; బేరమాడుటకు వానికి జ్ఞానమును లేదు, వ్యవధియు లేదు. అట్టిచోట తయారీ ఖర్చునుబట్టి గాక అంగడిలోని బ్రాండుల ధరల సగటునుబట్టి గరిష్ఠధర నిర్ణయించు పద్ధతిని 2013లో తెచ్చుట, ధర తగ్గింపవలసిన అధికారమును ధర పెంచిన వారి చేతికే అప్పగించుట.

మార్గము లేకపోలేదు. తమిళనాడు 1994లో ప్రత్యేక సంస్థను నెలకొల్పి, మందులను టోకున కొని ప్రభుత్వ వైద్యశాలలకు చేర్చుచున్నది. మనమును ప్రతి ప్రాథమిక ఆరోగ్యకేంద్రములో మధుమేహపు మాత్ర ఏడాది పొడవున నిండుకొనకుండ చూడవలెను. మురుగుకాలువ పూడికతీతను ఆరోగ్యవ్యయముగానే పరిగణింపవలెను. ఎన్ని కోట్ల మందులు అమ్ముడైనవని గాక, ఎన్ని కుటుంబములు మందులకై అప్పు చేయక గడచినవని పాలకులను అడుగు హక్కు మనది. ఆ లెక్క చెప్పనంతవరకు వారి వృద్ధి అంచనాలను ఆరోగ్యమునకు నిదర్శనముగా మనము స్వీకరింపరాదు.