సిగ్నల్ పోయినా... దారి పోదు!

చేప ఎక్కడుందో చెబుతుంది. అల ఎంత ఎత్తున లేస్తుందో చెబుతుంది. పొరుగుదేశం సరిహద్దు దగ్గరపడితే హెచ్చరిస్తుంది. జేబులో పట్టే ఫోను ఇప్పుడు గంగపుత్రులకు వలంత ముఖ్యమైపోయింది. కాకపోతే ఒడ్డున పనిచేసే యాప్‌లన్నీ నడిసంద్రంలో పనిచేయవు. ఏది ఎక్కడిదాకా తోడొస్తుందో తెలుసుకోవడంలోనే ఉంది కిటుకంతా!

తెల్లవారుజాము మూడు గంటలు. ఉప్పాడ తీరంలో పడవలు ఒక్కొక్కటిగా నీళ్లలోకి దిగుతుంటాయి. వలలు సర్దడం, డీజిలు పోయడం, ఐసు ఎక్కించడం అయిపోయింది. ఒకప్పుడైతే ఆ సమయంలో తండేలు తలెత్తి చుక్కలవంక చూసేవాడు. ముఖానికి తగిలే గాలినిబట్టి వాటం పసిగట్టేవాడు. ఇప్పుడూ అదే చేస్తాడు. ఆ తర్వాత జేబులోంచి ఫోను తీసి, ఇంకోసారి సరిచూసుకుంటాడు!

మన మత్స్యకారులు దారి తెలుసుకునే పద్ధతే వేరు. విశాఖ పడవలకు యారాడ కొండ, దానిమీది లైట్‌హౌస్ కొండగుర్తులు. లోతు తెలియాలంటే తాడుకు బరువుకట్టి వదిలి, ఎన్ని బారలు దిగిందో లెక్కపెట్టేవారు. నీళ్ల రంగు మారినా, పక్షులు గుంపుగా వాలినా అక్కడ చేప ఉందని అర్థం. తాతల నుంచి వచ్చిన ఆ విద్యకు ఇప్పుడు ఉపగ్రహాలు తోడయ్యాయి.

చేపల చిరునామా

ఆ ఉపగ్రహాల సమాచారాన్ని మత్స్యకారుల చేతికి అందిస్తున్న సంస్థ ఎక్కడో లేదు. సముద్రానికి వందల కిలోమీటర్ల దూరంలో, హైదరాబాద్‌లోని ప్రగతినగర్‌లో ఉంది. పేరు ఇన్‌కాయిస్. 1999లో మొదలైన ఈ సంస్థ కేంద్ర భూవిజ్ఞాన మంత్రిత్వశాఖ కింద పనిచేస్తోంది. సునామీ హెచ్చరికలు జారీచేసేదీ ఇదే.

చేపలున్న చోటు అంతరిక్షం నుంచి కనిపిస్తుందా? కనిపించదు. కనిపించేది వాటి మేత! సముద్రంలో కంటికి కనిపించనంత చిన్న మొక్కలు తేలుతూ ఉంటాయి. వాటిలోని పత్రహరితం వల్ల నీళ్ల రంగులో తేడా వస్తుంది. ఉపగ్రహం ఆ రంగును పసిగడుతుంది. దాంతోపాటు నీటి ఉపరితలం మీది వేడినీ కొలుస్తుంది. చల్లని నీరూ వెచ్చని నీరూ కలిసేచోట మేత ఎక్కువగా పోగవుతుంది. మేత ఉన్నచోటికి కవళ్లలాంటి చిన్నచేపలు వస్తాయి. వాటిని తినడానికి వంజరం, సూరలాంటి పెద్దచేపలు వస్తాయి. ఈ లెక్కతోనే ‘ఫలానా రేవు నుంచి, ఫలానా దిక్కులో, ఇన్ని కిలోమీటర్ల దూరంలో, ఇంత లోతున చేపలు దొరికే అవకాశం ఉంది’ అని ఇన్‌కాయిస్ సూచనలిస్తుంది. తెలుగులోనూ, ఉచితంగానూ. ‘సముద్ర’ అన్న తన యాప్‌లోనూ వీటిని అందుబాటులో ఉంచింది.

దీనివల్ల మొదటి లాభం డీజిలు. చేపల్ని వెతుక్కుంటూ సముద్రమంతా తిరగాల్సిన పని తగ్గుతుంది. అయితే ఇది అవకాశమే తప్ప హామీ కాదు. మబ్బులు కమ్మేస్తే ఉపగ్రహానికి నీళ్లు కనిపించవు. అలాంటి రోజుల్లో సూచనలూ ఉండవు. మన తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరబోట్లతో వేట నిషేధం కాబట్టి అప్పుడు వీటి అవసరమే రాదు.

వెళ్లాలా... ఆగాలా?

చేప సంగతి తర్వాత, ముందు ప్రాణం సంగతి చూడాలి. రేవులో ‘ఒకటో నంబరు ప్రమాద హెచ్చరిక’ ఎగరేశారంటే తుపాను పొంచి ఉందని తీరంలో పిల్లలకూ తెలుసు. ఆ కబురే ఇప్పుడు ఫోనుకూ వస్తోంది. వాతావరణశాఖ 2020లో తెచ్చిన ‘మౌసమ్’ యాప్‌లో ఊరివారీ వాతావరణం, హెచ్చరికలు ఉంటాయి. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ యాప్ ‘సచేత్’ అయితే, మనమున్న ప్రాంతానికి సంబంధించిన అధికారిక హెచ్చరికలను పంపిస్తుంది.

గాలి ఎటు నుంచి ఎంత వేగంతో వీస్తుందో, అలలు ఎంత ఎత్తుంటాయో మ్యాపు మీద కదిలే గీతలతో చూపించే యాప్ ‘విండీ’. రాబోయే రోజుల్లో పరిస్థితి ఎలా మారుతుందో చదువు రానివాళ్లకు కూడా రంగుల్ని చూస్తే అర్థమవుతుంది. ఇందులో గాలి వేగాన్ని ‘నాట్’లలో చూపిస్తే కంగారుపడక్కర్లేదు. ఒక నాట్ అంటే గంటకు 1.852 కిలోమీటర్లు. అంటే 30 నాట్ల గాలి అంటే గంటకు దాదాపు 55 కిలోమీటర్లన్నమాట.

పిడుగుల కోసం ప్రత్యేకంగా ఉన్నది ‘దామిని’. పుణెలోని ఉష్ణమండల వాతావరణ పరిశోధనా సంస్థ దీన్ని తయారుచేసింది. చుట్టూ 20 నుంచి 40 కిలోమీటర్ల పరిధిలో మెరుపుల జాడ ఉంటే హెచ్చరిస్తుంది. నీళ్లమధ్య తెప్పమీద నిలబడ్డ మనిషే అక్కడ అన్నిటికన్నా ఎత్తుగా ఉంటాడు. అందుకే పిడుగుపాటు ముప్పు వాళ్లకు మరీ ఎక్కువ.

ఆకాశం నిర్మలంగా ఉంది, గాలి లేదు. అయినా అలలు విరుచుకుపడతాయి. కారణం ఎక్కడో హిందూ మహాసముద్రపు దక్షిణాన వచ్చిన తుపాను! అక్కడ పుట్టిన అలలు రోజుల తరబడి ప్రయాణించి మన తీరాన్ని తాకుతాయి. వీటిని చుక్కల్ని చూసో గాలిని చూసో కనిపెట్టలేం. నది సముద్రంలో కలిసే మొగ దగ్గర చిన్నపడవలు బోల్తాపడేది ఇలాంటప్పుడే. ‘సముద్ర’ యాప్‌లో ఈ ఎత్తయిన అలల హెచ్చరికలు కూడా ఉంటాయి.

సిగ్నల్ వేరు... జీపీఎస్ వేరు

ఇప్పటిదాకా చెప్పుకొన్నవన్నీ ఒడ్డున చూసుకోవాల్సినవి. ఎందుకంటే వీటికి ఇంటర్నెట్ కావాలి. తీరం నుంచి పది, పన్నెండు కిలోమీటర్లు దాటితే మామూలుగా సెల్‌ఫోన్ సిగ్నల్ అందదు. దాంతో ‘ఇక ఫోనెందుకు, దండగ’ అని చాలామంది దాన్ని కట్టేసి పెట్టెలో పడేస్తారు. అక్కడే పొరపాటు!

జీపీఎస్‌కు టవర్లతో పనిలేదు. ఆకాశంలోని ఉపగ్రహాలు పంపే సంకేతాలను ఫోను వింటుంది. ఎప్పుడు ఏ ఉపగ్రహం నుంచి సంకేతం అందిందో లెక్కగట్టి తాను ఎక్కడుందో తెలుసుకుంటుంది. సిమ్‌కార్డు లేకున్నా ఈ పని జరుగుతుంది. చాలా ఫోన్లలో ఏరోప్లేన్ మోడ్ పెట్టినా జరుగుతుంది. కావాల్సిందల్లా మ్యాపును ఒడ్డునే డౌన్‌లోడ్ చేసి ఉంచుకోవడం. బయల్దేరేముందు ఒడ్డునే ఓసారి జీపీఎస్ ఆన్‌చేసి చూసుకోవాలి. నెట్‌వర్క్ లేనిచోట కొత్తగా మొదలుపెడితే చోటు పట్టుకోవడానికి ఎక్కువ సమయం తీసుకుంటుంది.

దీంతో ఏం లాభం? బయల్దేరిన రేవును గుర్తుపెట్టి ఉంచుకుంటే, మంచు కమ్మేసినా చీకటిపడినా తిరుగుదారి దొరుకుతుంది. వల చిక్కుకుని చిరిగే రాళ్లు, మునిగిన పడవలు ఎక్కడున్నాయో గుర్తుపెట్టుకోవచ్చు. ఇక నిన్న వంజరాలు దండిగా పడ్డ చోటు సంగతి సరేసరి. ఒకప్పుడు తండేలు దాన్ని కొడుక్కి తప్ప ఎవరికీ చెప్పేవాడు కాదు. ఇప్పుడు ఫోనుకు మాత్రమే చెబుతున్నాడు!

గీత దాటితే...

నీళ్లమీద గీత ఉండదు. కానీ దాటితే జైలే! 2018 నవంబరులో గుజరాత్‌లోని వెరావల్ నుంచి వేటకెళ్లిన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకారులను పాకిస్థాన్ నిర్బంధించింది. వాళ్లలో 20 మంది 2020 జనవరిలో గానీ వాఘా సరిహద్దు దాటి స్వదేశానికి రాలేకపోయారు. పద్నాలుగు నెలలు ఇక్కడ ఇళ్లల్లో పొయ్యి ఎలా వెలిగిందో ఆ ఇల్లాళ్లకే తెలియాలి. 2025లో వచ్చిన ‘తండేల్’ సినిమాకు ఆధారం ఈ ఉదంతమే.

ఎం.ఎస్.స్వామినాథన్ రిసెర్చ్ ఫౌండేషన్ తయారుచేసిన ‘ఫిషర్ ఫ్రెండ్’ యాప్‌లో ఈ ముప్పుకోసమే ఓ ఏర్పాటుంది. పడవ అంతర్జాతీయ సరిహద్దును సమీపిస్తుంటే హెచ్చరిస్తుంది. చేపలుండే చోట్లు, అలల ఎత్తు, ప్రమాదకర ప్రదేశాలు, అత్యవసర ఫోన్ నంబర్లు... అన్నీ ఒకేచోట, తెలుగులో ఉండటం దీని ప్రత్యేకత. పరాయి రాష్ట్రంలో కూలికెళ్లిన కలాసీకి పడవ ఎటు పోతోందో అడిగే హక్కు ఎప్పుడూ లేదు. అదే యాప్ తన ఫోనులోనూ ఉంటే, కనీసం గీత దగ్గరపడుతోందని అతనికీ తెలుస్తుంది. సరంగును అప్రమత్తం చేయగలుగుతాడు.

నడిసంద్రంలో కబురు

2017 నవంబరు చివర్లో ఓఖీ తుపాను వచ్చినప్పుడు కేరళ, తమిళనాడు మత్స్యకారులు ఎంతోమంది అప్పటికే సముద్రంలో చాలా దూరం వెళ్లిపోయారు. ఒడ్డున హెచ్చరిక ఉంది. దాన్ని వాళ్లకు చేర్చే దారే లేదు. వందలమంది ప్రాణాలు కోల్పోయారు, గల్లంతయ్యారు.

ఆ విషాదం తర్వాత వచ్చిందే ‘జెమిని’. 2019 అక్టోబరులో విడుదలైన ఈ చిన్న పరికరం ఉపగ్రహం నుంచి హెచ్చరికలు అందుకుని, బ్లూటూత్ ద్వారా ఫోనులోని యాప్‌కు పంపిస్తుంది. ఎంత దూరంలో ఉన్నా తుపాను కబురు అందుతుంది. లోపమల్లా ఒక్కటే... వినడమేగానీ బదులు చెప్పడం కుదరదు.

ఆ కొరత తీర్చడానికి ఇస్రో 2024 జనవరిలో కొత్తతరం ప్రమాద సంకేత పరికరాన్ని అందుబాటులోకి తెచ్చింది. 2010 నుంచి వాడుకలో ఉన్న పాతదాంట్లో బటన్ నొక్కితే ఆపదలో ఉన్నామన్న సంకేతం వెళ్లేది. అది చేరిందో లేదో మాత్రం తెలిసేది కాదు. కొత్తదాంట్లో ‘మీ సందేశం అందింది’ అన్న జవాబు వస్తుంది. సాయం వస్తోందన్న భరోసా ఉంటే మునుగుతున్న పడవలోనూ ధైర్యం నిలుస్తుంది మరి! ఇదే బాటలో దేశవ్యాప్తంగా లక్ష పడవలకు ట్రాన్స్‌పాండర్లు అమర్చే 364 కోట్ల రూపాయల పథకాన్ని కేంద్రం 2024 ఆగస్టులో ప్రారంభించింది. ‘నభ్‌మిత్ర’ యాప్ ద్వారా వీటిని ఫోనుకు కలుపుకోవచ్చు. రెండువైపులా సందేశాలు నడుస్తాయి.

ఒడ్డుకు రాకముందే బేరం

యాప్‌లు రాకముందే ఫోను మత్స్యకారుడి రాత ఎలా మార్చిందో చెప్పే ఓ అధ్యయనం ఉంది. 1997-2001 మధ్య ఉత్తర కేరళ తీరంలో సెల్‌ఫోన్లు వచ్చినప్పుడు రాబర్ట్ జెన్సన్ అనే ఆర్థికవేత్త కవళ్ల మార్కెట్లను పరిశీలించాడు. అంతకుముందు ఒక రేవులో కొనేవాళ్లు లేక చేపల్ని పారబోస్తుంటే, కొద్దిదూరంలోని మరో రేవులో చేపల్లేక కొనేవాళ్లు ఎదురుచూసేవారు. ఫోన్లొచ్చాక సముద్రం నుంచే వాకబుచేసి, ధర ఉన్న రేవుకు పడవ తిప్పడం మొదలైంది. పారబోయడం ఆగిపోయింది. మత్స్యకారుల లాభం సగటున 8 శాతం పెరిగింది. విచిత్రమేంటంటే, కొనేవాళ్లకు ధర 4 శాతం తగ్గింది కూడా!

గోదారి షికారుకు ముందు

సముద్రంతో పనిలేని కుటుంబాలకూ ఓ యాప్ అవసరమే. 2019 సెప్టెంబరు 15న పాపికొండల యాత్రకు బయల్దేరిన బోటు కచ్చులూరు దగ్గర మునిగిపోయి యాభైమంది దాకా చనిపోయారు. అప్పుడు గోదావరిలో 5 లక్షల క్యూసెక్కుల వరద ఉంది. కేంద్ర జలసంఘం 2023లో తెచ్చిన ‘ఫ్లడ్‌వాచ్ ఇండియా’లో నదుల నీటిమట్టం, రాబోయే రోజుల అంచనా చూసుకోవచ్చు. భద్రాచలం దగ్గర 43 అడుగులు దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక. నీళ్లు పెరుగుతున్నాయని తెలిస్తే టికెట్ డబ్బులు పోయినా సరే, ప్రయాణం వాయిదా వేసుకోవడమే మంచిది. లైఫ్‌జాకెట్ ఇవ్వని బోటు ఎక్కకూడదని చెప్పడానికి మాత్రం ఏ యాప్ అక్కర్లేదు.

ఒడ్డున ఉండగానే...

* ఫోను పూర్తిగా ఛార్జ్ చేయాలి. పవర్‌బ్యాంకు వెంట ఉండాలి. సిగ్నల్ పోయాక ఏరోప్లేన్ మోడ్ పెడితే, టవర్ కోసం వెతుకుతూ బ్యాటరీ ఖాళీ అవ్వదు. తీరం దగ్గరకు రాగానే తీసేయాలి.

* ‘నీళ్లలో పడినా పాడవదు’ అని అమ్మే ఫోన్లను పరీక్షించేది మంచినీళ్లలో. ఉప్పునీటికి ఆ హామీ లేదు. నీరు చొరని పారదర్శకమైన సంచిలో పెట్టి మెడకు తగిలించుకోవాలి.

* తడివేళ్లకు టచ్‌స్క్రీన్ సరిగా పలకదు. అవసరమైన మ్యాపు తెరిచి ఉంచుకోవడం మేలు.

* తీర రక్షకదళం నంబరు 1554, మెరైన్ పోలీసులది 1093. ఫోనులో దాచుకోవడంతోపాటు పడవ చెక్కమీద రంగుతో రాసుకోవాలి.

* పడవ రిజిస్ట్రేషన్ నంబరు, ఎటువైపు వెళ్తున్నదీ, ఎప్పటికి తిరిగొచ్చేదీ ఇంట్లో చెప్పాలి. గాలింపు మొదలుపెట్టేవారికి ఆ మూడు ముక్కలే ఆధారం.

* దిక్సూచి, టార్చిలైటు, లైఫ్‌జాకెట్లు మానేయకూడదు. బ్యాటరీ అయిపోతే ఫోను ఉత్త గాజుముక్క!

వేటకెళ్లిన పడవ పొద్దుగూకినా రాకపోతే తీరంలో ఆడవాళ్లు లాంతరు పట్టుకుని అలలవంక చూస్తూ కూర్చునేవారు. ఇప్పుడు వాళ్ల చేతుల్లో ఫోన్లున్నాయి. బయల్దేరేముందు గాలి సంగతి చూశావా అని అడగొచ్చు. ఎటు వెళ్తున్నావో చెప్పి కదులు అనొచ్చు. హెచ్చరిక కనిపిస్తే ఆ పూటకి కదలనివ్వకపోవచ్చు. ఇన్ని యాప్‌లలోనూ అందని సిగ్నల్‌తో పనిలేకుండా పనిచేసేది బహుశా ఆ ఒక్క మాటే!